కవ్వం కర్ర

ఏలూరు కాలవ గట్టు మీద అహరోను రేకుల షెడ్డు వేసిన రోజుల్లో ఆ చుట్టుపక్కల మోటారు కార్లు ఎన్నో లేవు. ఉన్నవాటికి రోగాలకు మాత్రం కొదవలేదు. జమీందార్ల దగ్గర పాతబడి ప్లీడర్ల చేతికొచ్చినవీ, ప్లీడర్ల దగ్గర మూలబడి షావుకార్ల చేతికొచ్చినవీ, దగ్గుతూ మూలుగుతూ వచ్చి ఆ షెడ్డు ముందే ఆగేవి. అహరోను వెంటనే పనిముట్టు పట్టుకునే రకం కాదు. బానెట్టు ఎత్తి, నడుస్తున్న ఇంజనుకు ఒక కర్ర కొస ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి, మూడో సిలిండరులో వాల్వు పట్టేస్తోందనో, నీళ్ల పంపు అరిగిందనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. అందుకే జనం అతనికి చెవి మేస్త్రీ అని పేరు పెట్టారు.

ఆ కర్ర ఎక్కడిదంటారా, అది మార్తమ్మ పుట్టింటి కవ్వం. కామవరపుకోట నుంచి కాపురానికొస్తూ తెచ్చుకున్నది. పెళ్లయిన ఏడాదే దాని తల విరిగిపోయింది. ఎవరు విరగ్గొట్టారన్న విషయంలో ఆ ఇంట్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. మిగిలిన కర్రను పొయ్యిలో పెట్టబోతుంటే అహరోను లాక్కుని షెడ్డుకు తీసుకుపోయాడు. వెన్న తీసి తీసి నున్నగా అయిన చండ్ర కర్ర, చప్పుడు మోసుకురావడంలో దానికి సాటి ఇంకోటి లేదని అతని నమ్మకం.

మార్తమ్మ పెనిమిటిని పేరు పెట్టి పిలిచే మనిషి కాదు. వంటింట్లోంచైనా, దొడ్లోంచైనా, కాలవ రేవులోంచైనా ఒకటే పిలుపు, "ఏవండీ" అని. ఉప్పు అయిపోయినా ఏవండీయే, పాము కనబడినా ఏవండీయే. ఆ పిలుపు సాగదీస్తే ఒక సంగతి, తుంచేస్తే ఇంకో సంగతి, గొంతు తగ్గిస్తే మరీ వేరే సంగతి. ఇంజను చప్పుడు పోల్చుకున్నట్టే అహరోను అదీ పోల్చుకునేవాడు. రోజుకి ఎన్నిసార్లు పిలుస్తావు తల్లీ అని విసుక్కునేవాడు కూడా. విసుక్కోవడానికేం, ఉన్నన్నాళ్లూ విసుక్కుంటాం.

ఒక వర్షాకాలం, కొల్లేటికి బాతుల వేటకొచ్చిన ఎవరో దొర కారు బురదలో కూరుకుపోతే అహరోను వెళ్లి, నడుం లోతు నీళ్లలో నాని బయటికి తీయించాడు. ఇంటికొచ్చి జ్వరంతో పడ్డాడు. జ్వరం తగ్గి చెవుల్లో చీము పట్టింది. చీము తగ్గింది గాని వినికిడి మాత్రం తిరిగి రాలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే ఏదో గోల తెలిసేది, మాట తెలిసేది కాదు.

మిషను ఆసుపత్రిలో డాక్టరు దొరసాని మంచి మనిషి, ఓపిగ్గా చూసింది. రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి చెవి ముందు పెట్టింది. ఏమీ వినబడలేదు. దాన్నే చెవి వెనక ఎముకకు ఆనిస్తే సన్నగా మోగింది. లోపల మనిషి మెలకువగానే ఉన్నాడు, వీధి తలుపే బిగుసుకుపోయింది, నేను తీయగలిగే తలుపు కాదు అని మార్తమ్మతో చెప్పింది. మార్తమ్మ ఆ మాట చేతులతో, పెదాలతో ఎలాగో అతనికి చేరవేసింది. అహరోనుకు చిరాకేసింది. కార్లు బాగుచేసేవాడికి ఇనప కడ్డీ వినబడితే ఎంత, వినబడకపోతే ఎంత?

చెవి మేస్త్రీకి చెవుల్లేవని ఊళ్లో తెలిసిందా, షెడ్డు ముందుకు ఒక్క బండి రాదు. వాళ్ల అన్నం ఆ షెడ్డులోంచే రావాలి. అహరోను మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు పొద్దున్నే మార్తమ్మ చాట ఒకటి, బియ్యం సంచి ఒకటి పట్టుకుని, పదండి అని సైగ చేసి, తానే ముందు షెడ్డుకు నడిచింది.

ఆ రోజు నుంచీ ఆవిడ అక్కడే ఒక మూల కూర్చుని బియ్యం ఏరుకునేది. చూసేవాళ్లు, మొగుడి మీద ఎంత ప్రేమో అనుకునేవారు. అబద్ధమేమీ కాదు గాని అసలు పని వేరు. బండి వచ్చేది. అహరోను ఎప్పటిలాగే కర్ర చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు, పూర్తిగా కాదు. రెప్పల సందులోంచి మార్తమ్మ చేతుల వంక చూసేవాడు. ఆవిడకు మోటారు భాష రాదు, వంటింటి భాష వచ్చు. ఇంజను టిక్కుటిక్కుమంటే గరిటెతో మూకుడంచు మీద కొట్టినట్టు చెయ్యాడించేది. అంటే వాల్వు వదులైందన్నమాట. గరగరమంటే తిరగలి తిప్పేది. అంటే పంపు. లోపల బరువుగా దబదబలాడితే రోకలి ఎత్తి దంచేది. అది పిస్టను కింద బేరింగు, అన్నింటికన్నా పెద్ద రోగం. వచ్చినవాళ్లు ఏమైనా అడిగితే, మేస్త్రీ పనిలో ఉండగా మాట్లాడరండి అని తనే సమాధానం చెప్పేది. అహరోను అసలే మితభాషి గనక ఎవరికీ అనుమానం రాలేదు. అలా రెండేళ్లు గడిచిపోయాయి.

అంతా బాగానే ఉంది గాని, ఇల్లు మటుకు మూగబోయింది. పిలవడానికి మార్తమ్మ ఇప్పుడు భుజం మీద తట్టేది, దూరంగా ఉంటే చిన్న రాయి విసిరేది. వినబడని మనిషిని ఏవండీ అని ఏం పిలుస్తుంది? ఆ మాటే మానేసింది. అహరోనుకు ఇంజన్ల చప్పుడు పోయినందుకన్నా ఆ మాట పోయినందుకే ఎక్కువ దిగులు. ఆ సంగతి ఆవిడతో అనలేదు. అంటే ఏడుస్తుందని భయం.

ఆ శీతాకాలంలో తాడేపల్లిగూడెం నుంచి వెంకటరత్నంగారి కారు వచ్చింది. ఆయన బియ్యం షావుకారు. కారు తనే నడుపుకుంటాడు, కొత్త పద్ధతులంటే మోజు. దాన్ని కొని ఏడాది దాటింది. ఈమధ్యే ఒక చప్పుడు పట్టుకుంది. నెమ్మదిగా వెళ్తే ఉండదు, మరీ జోరుగా వెళ్తే ఉండదు, మధ్య వేగంలో మాత్రం టక్కుటక్కుమని కొడుతుంది. అప్పటికే రెండు ఊళ్లలో ఇద్దరు మేస్త్రీలు చూసి, పిస్టను కింద బేరింగే అన్నారు. విప్పి కొత్తవి వేశారు. చప్పుడు మాత్రం మారలేదు.

అహరోను కర్ర చెవిలో పెట్టుకున్నాడు. షావుకారు ఇంజను పరుగు పెంచాడు. మార్తమ్మ చాట పక్కన పెట్టి, తల వాల్చి చాలాసేపు విన్నది. తర్వాత గుప్పిట చెవి దగ్గర పెట్టుకుని గలగల ఆడించింది. అహరోనుకు అర్థం కాలేదు. మళ్లీ ఆడించింది. సంతలో కొబ్బరికాయ బేరం చేసే ఆడవాళ్లందరూ చేసే పనే అది. కాయ చెవి దగ్గర ఊపి నీళ్లున్నాయా, ఎండి కురిడీ అయిపోయి లోపలి గుండు పెంకును కొడుతోందా అని చూసుకుంటారు. అహరోను పెదాలు మాత్రం కదిపి, "కురిడీ కాయా?" అని అడిగాడు. మార్తమ్మ ఔనని గట్టిగా తలూపింది.

అహరోనుకు ఒళ్లు మండిపోయింది. ఇంజనులో కొబ్బరికాయేమిటి? ఇద్దరు మేస్త్రీలు బేరింగు అన్నారు. మధ్య వేగంలో బరువు మీద కొట్టే చప్పుడు ఇంకేమవుతుంది? రోకలా అని దంచి చూపించాడు. ఆవిడ అడ్డంగా తలూపి, మళ్లీ ఆ గుప్పిటే చెవి దగ్గర ఆడించింది. షావుకారు వింతగా చూస్తున్నాడు. ఇక లాభం లేదని అహరోను బేరింగేనండి, బండి వదిలి వెళ్లండి అనేశాడు.

ఆయన వెళ్లాక కింది మూత విప్పి చూస్తే బేరింగులు అద్దంలా ఉన్నాయి. అదిగో, అక్కడైనా ఆగి ఆలోచించాడా? లేదు. తప్పు తనదైనప్పుడు కోపం పక్కవాళ్ల మీద చూపించడం మగవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. మార్తమ్మ వైపు తిరిగి నోటికొచ్చిందల్లా అన్నాడు.

"నా చెవులు పోయాయి గాని బుర్ర పోలేదు. నువ్వు బుర్ర కూడా వంటింట్లో పెట్టొచ్చావు. నా బతుకు నీకు వేళాకోళమైపోయింది."

 మార్తమ్మ చీర కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగింది. పెదాలు చూస్తే తప్ప మాట తెలియని మనిషితో మాట్లాడనని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? చాట, సంచి తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు షెడ్డుకు రాలేదు.

మర్నాడు వెంకటరత్నం వచ్చి కారు నడిపి చూశాడు. చప్పుడు అలాగే ఉంది. దిగి, అహరోను ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటే తూచినట్టు చెప్పాడు. వాళ్లమ్మగారిని రేపు కైకలూరులో ఆవిడ చెల్లెలింటికి తీసుకెళ్తున్నాడు. అహరోను కూడా కార్లో రావాలి, దారి పొడుగునా వినాలి.

"నువ్వున్నావనే ధైర్యంతోనే ఇన్నాళ్లూ దీన్ని అమ్మలేదు మేస్త్రీ. నువ్వూ కనుక్కోలేకపోతే, చెవి మేస్త్రీ అనే మాట నేనైతే ఇంకెక్కడా అనను."

ఆయన అనకపోతే తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా ఇంకెవరూ అనరు. అహరోను సరేనండి అన్నాడు. అంతకన్నా ఏమంటాడు? షావుకారి అమ్మగారు ఎక్కే కార్లోకి బియ్యం ఏరుకోవాలని మార్తమ్మను ఎక్కించలేడు. ఎక్కించగలిగినా, అన్ని మాటలన్నాక ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? ఆ రాత్రి ఆవిడ అన్నం వడ్డించి గోడవైపు తిరిగి కూర్చుంది. పొద్దున్నే ఏమీ తినకుండా కర్ర చంకన పెట్టుకుని బయల్దేరాడు.

వెంకటరత్నంగారి తల్లి వెంకటనరసమ్మగారు వెనక సీట్లో చిన్న మూటలా కూర్చుని ఉంది. అహరోను ముందు సీట్లో ఎక్కాడు. ఏలూరు దాటి కొల్లేటి వైపు మట్టిరోడ్డు పట్టాక షావుకారు వేగం పెంచి, వినబడుతోందా అన్నట్టు చూశాడు. అహరోను తలూపాడు. ఇంకాస్త పోయాక మళ్లీ చూశాడు. మళ్లీ తలూపాడు. చుట్టూ ఎక్కడ చూసినా నీళ్లు, నీళ్ల మీద పిట్టలు. వేలకొద్దీ పిట్టలు నోళ్లు తెరిచి అరుస్తున్నాయి, ఒక్కటీ వినబడటం లేదు. ఇవ్వాళ్టితో మన షెడ్డు మూతపడింది, ఆ మాట మార్తకెలా చెప్పాలి అనుకున్నాడు. 

షావుకారు ఈసారి భుజం మీద తట్టి, ఎక్కడ అని అడిగాడు. ఆ పెదాలు స్పష్టంగా తెలిశాయి. ఇక తలూపితే సరిపోదు. ఆపండి, ఇంజను నడుస్తుండనివ్వండి అని చెప్పి అహరోను కిందికి దిగాడు.

బేరింగు రోగమో కాదో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరును ప్లగ్గుకూ ఇంజను ఇనుముకూ కలిపి ఆనిస్తే ఆ సిలిండరులో మంట ఆగిపోతుంది. అప్పుడు చప్పుడు తగ్గితే రోగం అక్కడ ఉన్నట్టు. తగ్గకపోతే లేనట్టు. షెడ్డులో మార్తమ్మ వింటుండగా ఈ పని ముందే చేసుండాల్సింది, కోపంలో మానేశాడు. ఇప్పుడు చేస్తే వినేదెవరు? అయినా ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి గదా. ఒక చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకోవాలి, రెండో చేత్తో కార్బరేటరు మీట లాగి ఇంజను పరుగు పెంచాలి. కర్ర ఎక్కడ పెట్టాలి? కిందంతా బురద. పళ్ల మధ్య కరిచిపట్టుకుని ఇంజను మీదికి వంగాడు. కర్ర రెండో కొస వెళ్లి ఇంజను తల మీద ఆనింది.

తలంతా మోత. అహరోను ఉలిక్కిపడి నోరు తెరిచాడు. కర్ర జారి పడింది. మోత ఆగిపోయింది. చుట్టూ చూశాడు. షావుకారు స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నాడు, పిట్టలు ఎప్పటిలాగే నోళ్లు తెరుస్తున్నాయి. కర్ర తీసి చొక్కాకు తుడిచి, మళ్లీ కరిచి, మళ్లీ ఆనించాడు.

వినబడుతోంది! వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి. పంపు తిరుగుతోంది. పిస్టన్లు ఎక్కి దిగుతున్నాయి. రెండేళ్లుగా చచ్చిపోయిందనుకున్న లోకమంతా ఆ కర్రలోంచి నడుచుకుంటూ పళ్లలోకి, దవడలోకి, తలలోకి వచ్చేస్తోంది. లోపల మనిషి మెలకువగానే ఉన్నాడని దొరసాని ఎందుకందో ఇప్పుడు బోధపడింది. వీధి తలుపు పోతే పోయింది, దొడ్డి తలుపు ఒకటుంది. అహరోను కర్ర కరుచుకునే ఏడ్చాడు. ఏడుస్తూనే విన్నాడు. పని సంగతి కాసేపు మర్చిపోయాడు కూడా.

తర్వాత పని గుర్తొచ్చింది. మీట లాగి పరుగు పెంచాడు. మధ్య వేగం రాగానే ఆ చప్పుడు వచ్చింది, టక్కుటక్కు. మొదటి ప్లగ్గు ఆపాడు, తగ్గలేదు. రెండోది, మూడోది, నాలుగోది, దేనికీ తగ్గలేదు. అయితే బేరింగు కాదు. కర్ర కొస ఇంజను ముందువైపు పెట్టాడు, చప్పుడు దూరంగా ఉంది. వెనక్కి జరిపాడు, దగ్గరైంది. ఇంజనుకూ సీటుకూ మధ్య ఉన్న చెక్క గోడకు ఆనించాడు. పళ్లు అదిరాయి. చప్పుడు ఇంజనులో లేదు, దానికవతల ఉంది. పైగా అది ఇనుము ఇనుమును కొట్టే చప్పుడు కాదు. గుండ్రంగా, బోలుగా, లోపలెక్కడో మరోటి దొర్లి కొడుతున్న చప్పుడు. మార్తమ్మ గుప్పిట చెవి దగ్గర ఆడినట్టు కళ్లముందు కనబడింది.

అహరోను ఇటువైపు వచ్చి తలుపు తీసి, కాళ్లు పెట్టుకునే చోట వెల్లకిలా పడుకుని, మీటర్ల పలక కింద చెయ్యి పెట్టి వెతికాడు. తీగల వెనక, పైన చీకట్లో, ఎర్ర గుడ్డలో కట్టిన మూట ఒకటి చేతికి తగిలింది. తాళ్లు విప్పి బయటికి తీశాడు. లోపల కొబ్బరికాయ. ఏడాదిపాటు ఇంజను వేడికి ఎండి ఎండి పక్కా కురిడీ అయిపోయింది. ఊపితే గుండు పెంకును టక్కుటక్కుమని కొడుతోంది.

వెంకటరత్నం దాన్ని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. వెంకటనరసమ్మగారు కొల్లేటి పిట్టలను చూస్తోంది.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, కారు కొన్న రోజున పూజ చేయించరా అని ఆవిడ అడిగితే, మోటారుకి పూజేమిటమ్మా అని కొడుకు నవ్వాడట. రోజూ రోడ్ల మీద తిరిగే కొడుకు, దిష్టి తగలకూడదు, వాడు నవ్వకూడదు. అందుకని పాలేరు చేత ఎవరికీ కనబడని చోట కట్టించింది. ఇద్దరు మేస్త్రీలు ఇంజను ఊడదీస్తున్నప్పుడు కూడా ఆవిడ నోరు మెదపలేదు. చెబితే విప్పించేస్తాడని భయం. వెంకటరత్నానికి ముందు కోపం వచ్చింది, కోపం వెనకే నవ్వు వచ్చింది. నవ్వీ నవ్వీ స్టీరింగు మీద వాలిపోయాడు. తర్వాత దిగి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు. ఏమన్నాడో అహరోనుకు తెలియదు. ఆవిడ కొడుకు తల నిమరడం మాత్రం కనబడింది.

కాసేపటికి వెంకటరత్నం అతని దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇంతమంది చెవులకు అందనిది నీ చెవికి అందింది మేస్త్రీ అన్నాడు. ఆ మాట పెదాల మీద చదివి అహరోను తలూపి ఊరుకోవచ్చు. షెడ్డు నిలబడింది, పేరు నిలబడింది, ఎవరికీ ఏమీ తెలియదు. కాని ఆ ఎర్ర గుడ్డ చేతిలో ఉండగా అతని నోరు ఊరుకోలేదు.

"కాయ అని చెప్పింది నేను కాదండి, మా ఇంటావిడ. మొన్న షెడ్డులోనే చెప్పింది. నేను నమ్మకపోగా తిట్టానండి. నాకు చెవులు వినబడవు బాబుగారూ, రెండేళ్లయింది. ఇన్నాళ్లూ ఆవిడే విని చెబుతోంది."

వెంకటరత్నం నమ్మలేదు. అహరోను ఇందాక జరిగింది చెప్పి, కర్ర చూపించాడు. ఆయన ఊరుకుంటాడా, కొత్త పద్ధతుల మనిషాయె. రెండు చెవులూ వేళ్లతో మూసుకుని, కర్ర కరిచి, ఇంజనుకు ఆనించి చూశాడు. ఒక్క గంతు వేశాడు. మళ్లీ పెట్టి చూశాడు. చివరికి కర్ర తిరిగిస్తూ, అతనికి అర్థమయ్యేలా నెమ్మదిగా అన్నాడు.

"నా బండి ఇక ఎప్పుడు చెడినా నీ దగ్గరికే తెస్తాను. నువ్వు చెవితో వింటే ఏం, పళ్లతో వింటే ఏం? ఆ వేళ మటుకు మీ ఆవిడ షెడ్డులో ఉండాలి."

వెంకటనరసమ్మగారి బెంగ వేరు. కాయ తీసేశాక కారుకు దిక్కెవరు? అహరోను ఆలోచించి, కొత్త కాయ కట్టుకోండి అమ్మగారూ, ఇంజనులో ఆయిలు మార్చినప్పుడల్లా కాయ కూడా మార్చేస్తే ఎండే పని ఉండదు అన్నాడు. ఆవిడకు అది బ్రహ్మాండంగా నచ్చింది. కొడుకు ఈసారి నవ్వలేదు. పాత కాయ మా ఇంటావిడకు చూపించాలి, ఇస్తారా అని అహరోను అడిగితే, చూపించి కాలవలో పడెయ్యి నాయనా, ఇంట్లో పెట్టుకోకు, దిష్టి తీసిన కాయ అని మరీ మరీ చెప్పి ఇచ్చింది.

కైకలూరులో ఆ చెల్లెలుగారు కడుపు నిండా పెట్టారు. సాయంత్రం తిరుగుదారి పొడుగునా అహరోను కర్ర పళ్లతో పట్టుకుని, కొస కారు చెక్కకు ఆనించుకునే కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా పళ్లు ఊడినంత పనయింది, అయినా తీయలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మార్తమ్మ వంటింటి గుమ్మం ముందు అవతలి వైపు తిరిగి కూర్చుని చేపలు తోముతోంది. కారు చప్పుడు ఆవిడకు వినబడే ఉంటుంది, అయినా తిరగలేదు. అహరోను వెళ్లి కొబ్బరికాయను ఆవిడ చెవి పక్కన పెట్టి ఊపాడు. మార్తమ్మ చేతులు ఆగాయి. ఎర్ర గుడ్డ వైపు ఓరగా ఒకసారి చూసింది. బుగ్గ కదిలినట్టే కదిలింది, కాని ముఖం తిప్పేసుకుని మళ్లీ చేపల మీద పడింది. అంత తొందరగా వదులుతుందా?

అహరోను ఆవిడ వెనకే పీట వేసుకుని కూర్చున్నాడు. కర్ర ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస ఆవిడ మెడ వెనక, ముడి కింద ఎముక మీద మెల్లగా ఆనించాడు. వేళాకోళానికి పొడుస్తున్నాడనుకుని ఆవిడ పట్టించుకోలేదు. వినబడని మనిషి వెనక ఉన్నాడన్న ధీమాతో గొణుక్కుంటూనే ఉంది.

"ఇప్పుడు తెలిసిందీ నేనేం చెప్పానో. నా మాట వింటే ఈయన సొమ్మేం పోయింది? పొద్దున్న మెతుకు ముట్టకుండా పోయాడు, రాత్రీ సరిగ్గా తినలేదు. కడుపు మాడ్చుకుని ఎవర్ని సాధించాలనో, మొండి మనిషి..."

అహరోను కర్ర నోట్లోంచి తీశాడు. "తిన్నానులే. కైకలూరులో షావుకారుగారి పిన్నిగారు పెట్టారు" అన్నాడు.

మార్తమ్మ చేతిలో చేప జారిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగింది. అతని ముఖం వంక చూసింది, కర్ర వంక చూసింది, ఆ కొస మీద పళ్ల గాట్లు చూసింది. అహరోను కర్ర ఆవిడ ముందుకు చాపాడు. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ కొస తీసుకుని, గొంతు మీద తనే ఆనించుకుంది. అహరోను ఇటు కొస కరిచి, కళ్లు మూసుకున్నాడు. ఆవిడతో మాట్లాడుతూ కళ్లు మూసుకుని రెండేళ్లయింది.

చెప్పాల్సినవి ఆవిడ దగ్గర రెండేళ్ల పోగు ఉంది. తిట్లున్నాయి, సంగతులున్నాయి, ఊళ్లో పెళ్లిళ్లున్నాయి, చావులున్నాయి. ఏది ముందు చెప్పాలో తేలక, కొసను గొంతు మీద అటూ ఇటూ జరుపుకుంది.  

చివరికి ఆవిడ, "ఏవండీ" అంది.

నోట్లో కర్ర ఉన్నవాడు ఏమనగలడు? "ఊఁ" అన్నాడు.

"ఏవండీ."

"ఊఁ."

లోపల పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వస్తోంది. ఆ పూట ఇద్దరూ ఆ మాడన్నమే తిన్నారు.